మా తోడికోడలి లినక్స్

మా తోడికోడలు కాపురానికి వచ్చిన వారానికి, ఆమె లాప్‌టాప్ తెరుస్తుంటే మొదటిసారి పక్కన నిలబడి చూశాను. బటన్ నొక్కగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో రెండు పేర్లు వచ్చాయి. పైన లినక్స్, కింద విండోస్. ఏది కావాలో చెప్పమన్నట్టు తెర అలాగే ఆగింది. ఆమె తెర వైపు చూడకుండానే ఎంటర్ కొట్టి, చేతికున్న గాజులు పైకి తోసుకుంది.

"రెండెందుకు?" అన్నాను.

"కంపెనీ పనంతా లినక్స్‌లోనే అక్కా. ఎప్పుడన్నా ప్రింటర్ మొరాయిస్తే విండోస్‌లోకి పోతా."

ఎంత మామూలుగా చెప్పిందంటే, నాకు తెలియదని ఆమెకు అనుమానం కూడా రాలేదు. నాకు నిజంగా తెలియదు. విండోస్ లాగానే కంప్యూటర్‌ను నడిపించే ఈ లినక్స్ గురించి డిగ్రీలో ఒక పేపరు రాశాను, మార్కులూ బాగానే వచ్చాయి, కానీ అది ఒక యంత్రంలో నడుస్తుండగా కళ్ళతో చూడడం అదే మొదలు. "అవునవును" అని తలూపి, పొయ్యి మీద పాలున్నాయని చెప్పి మా వైపుకి వచ్చేశాను. పొయ్యి మీద పాలు లేవు.

నేను ఉదయగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్ని. పుట్టిల్లు ఆత్మకూరు. అక్కడే బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదివాను. పెళ్ళయి ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళు. మా మామకు గొర్రెల మంద ఉంది. మా ఆయన మెట్టపొలం చూసుకుంటాడు. మరిది కరెంటు సబ్‌స్టేషన్‌లో పని చేస్తాడు. ఒకే ఇల్లు, నడుమ ఉమ్మడి వరండా, అటు వాళ్ళు, ఇటు మేము.

ఈ తొమ్మిదేళ్ళలో మా వీధికి కంప్యూటర్ అంటే నేనే. ఎవరి ఆధార్ కాగితమైనా, పాస్‌బుక్కయినా, పిల్లల హాల్ టికెట్టయినా నా దగ్గరికే వచ్చేది. ఫోనుతో ఫోటో తీసుకుని లాప్‌టాప్‌లో దాచేదాన్ని. తెర మీద ఒక ఫోల్డర్, దాని పేరు ‘మన వీధి’. అందులో ఇంటికొక ఫోల్డర్. కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కేవాళ్ళ గుర్తింపు కార్డులు, పింఛను కాగితాలు, మా మామ గొర్రెల ఇన్సూరెన్సు, అన్నీ అందులోనే. నేను బజారుకి పోతుంటే ఆడవాళ్ళు "టీచరమ్మా" అని పిలిచి తమ ఇంటి సంగతి అడిగేవాళ్ళు. పైకి విసుక్కునేదాన్ని గానీ నాకు అది ఇష్టం. ఎంత ఇష్టమో ఆమె వచ్చేదాకా నాకే తెలియలేదు.

ఆమెది అనంతసాగరం. ఎం.సి.ఏ. చదివింది. బెంగళూరు కంపెనీకి ఇంట్లోంచే పని. పొద్దున తొమ్మిదికి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని వరండాలో కూర్చుంటే, మా అత్త గడప దాటేటప్పుడు కూడా చప్పుడు కాకుండా అడుగులు వేసేది. నేను స్కూలు నుంచి తెచ్చిన పేపర్లు దిద్దుతూ కూర్చుంటే ఇదే అత్త పక్కనే కూర్చుని రోట్లో మిరపకాయలు దంచేది. ఇప్పుడు టీ గ్లాసు తీసుకుపోయి ఆమె బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెనక్కి వస్తోంది. వచ్చేటప్పుడు నాతో, "చిన్నమ్మి ఎవురితోనో ఇంగ్లీషులో మాట్లాడతా ఉండాది" అని గుసగుసగా చెప్పేది. ఆ గొంతులో గర్వం నాకు బాగా వినపడేది.

మా ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఒకరోజు అన్నం తింటూ, "ఆ పిల్ల కంప్యూటర్‌లో ఏందో నల్లగా వస్తాది చూసినావా? గబగబా టైపు కొడతాది. నీ దాంట్లో రాదా అది?" అన్నాడు.

"నాకు దాంతో అవసరం లేదు" అన్నాను.

"అవసరం లేదా, తెలీదా?" అని నవ్వాడు. ఆయన దాన్ని అంతటితో మరిచిపోయాడు. నేను మర్నాడు పప్పులో రెండోసారి ఉప్పు వేశాను.

అయినా ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది మా మామ చేసిన పని. ఒక సాయంత్రం ఆయన పాలిథిన్ కవర్‌లో కాగితాలు పట్టుకుని వచ్చాడు. రెండు గొర్రెలు చచ్చిపోయాయి, ఇన్సూరెన్సు కోసం అర్జీ పెట్టాలి. నేను గుమ్మంలోనే ఉన్నాను. చెయ్యి కూడా చాపాను. ఆయన నన్ను చూసి, "నీకు స్కూలు పని ఉంటాదిలే పెద్దమ్మీ" అని, నన్ను దాటుకుని అటు వైపుకి పోయాడు. పది నిమిషాల్లో అయిపోయిందట. బయటికి వస్తూ కవర్ మడిచి చంకలో పెట్టుకున్న ఆ మనిషి ముఖంలో సంతోషం చూసి నేను లోపలికి వచ్చేశాను. పదేళ్ళ కిందట నన్ను చూడటానికి ఆత్మకూరు వచ్చినప్పుడు, "పిల్ల కంప్యూటర్ చదివినాదంట" అని బంధువులందరికీ చెప్పుకున్నది ఆయనే.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. నా లాప్‌టాప్‌లోనూ రెండు పేర్లు రావాలి. ఆమెను అడగకుండానే రావాలి.

వీడియోలు చూసి నేర్చుకోవడం మొదలుపెట్టాను. స్కూల్ లాబ్‌లోని పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ ఎక్కించాను. అది తెరుచుకోవడానికే రెండు వారాలు పట్టింది. లాప్‌టాప్ ఆన్ చేయగానే ఒక మీట నొక్కాలి. ఒక వీడియో ఒక మీట చెప్పింది, ఇంకో వీడియో ఇంకోటి చెప్పింది. సరైన మీట దొరికాక, ఈ పెన్‌డ్రైవ్‌ను నమ్మనని యంత్రం ఎర్ర అక్షరాల్లో చెప్పింది. సెక్యూర్ బూట్ అనే కాపలా ఏదో ఆపాలట. ఆపే చోటు వెతకడానికి మూడు రోజులు. వరండా అవతల పన్నెండు అడుగుల దూరంలో ఆ సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి ఉంది. ఆమె వంటింట్లోకి వచ్చి "ఏం చేస్తా ఉండావక్కా?" అంటే, "స్కూలు మార్కులు ఎక్కిస్తున్నా" అని మూత దించేసేదాన్ని.

రెండో శనివారం నాకు సెలవు. కలిగిరిలో మా అత్త తరఫు వాళ్ళ గృహప్రవేశం. తలనొప్పి అని చెప్పి నేను ఆగిపోయాను. తోడికోడలు మాత్ర ఒకటి, మంచినీళ్ళు నా పక్కన పెట్టి మరీ పోయింది. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఆటో ఎక్కడం కిటికీలోంచి చూశాను. ఆటో మలుపు తిరగగానే లేచి పెన్‌డ్రైవ్ పెట్టాను.

అంతా బాగానే నడిచింది. లినక్స్ ఎక్కడ పెట్టమంటావని అడిగింది. నా డిస్కులో రెండు భాగాలున్నాయి, సి, డి. సి లో విండోస్ ఉంది, దాన్ని ముట్టుకోకూడదని నాకు తెలుసు. డి లో పాత సినిమాలు, స్కూల్ వార్షికోత్సవం ఫోటోలు ఉన్నట్టు గుర్తు. ‘మన వీధి’ నా కళ్ళ ముందే, తెర మీదే ఉండేది గదా, అది సి లోనే ఉందని నా నమ్మకం. డి ని చెరిపేసి అందులో పెట్టమన్నాను. నిజంగానా అని ఇంకోసారి అడిగింది. అవునన్నాను.

అరగంటలో అయిపోయింది. మళ్ళీ ఆన్ చేశాను. నల్లటి తెర, రెండు పేర్లు వస్తాయని చూస్తూ ఉన్నాను. రాలేదు. నేరుగా లినక్స్‌లోకి పోయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. విండోస్ పేరే లేదు. వైఫై కూడా లేదు, నా లాప్‌టాప్‌లోని వైఫైని అది గుర్తుపట్టలేదు. ఫోనులో చిన్న అక్షరాల్లో వెతికి, ఆన్ చేసేటప్పుడు ఇంకో మీట నొక్కితే విండోస్‌ను ఎంచుకోవచ్చని తెలుసుకున్నాను. నొక్కాను. నీలం రంగు కిటికీ బొమ్మ కనపడగానే గోడకు జారగిలబడి కాసేపు కళ్ళు మూసుకున్నాను.

తర్వాత ‘మన వీధి’ మీద నొక్కాను. ఇది ఇక్కడ లేదు, ఎక్కడికో పోయింది, ఈ గుర్తు తీసేయమంటావా అని అడిగింది.

అప్పుడు చూశాను. ఆ ఫోల్డర్ బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంది. అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్. అసలు ఫోల్డర్ డి లో ఉండేది. ఎప్పుడో నేనే అక్కడ పెట్టి, దారి మాత్రం తెర మీద ఉంచుకున్నాను. బాణం ఉంటే అది వస్తువు కాదు, వస్తువు ఉన్న చోటుకి దారి మాత్రమేనని ప్రతి ఏడాదీ ఆరో తరగతి పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేది నేనే.

వాళ్ళు సాయంత్రం వచ్చేసరికి లాప్‌టాప్ బీరువాలో పెట్టేశాను. "తలనొప్పి తగ్గిందా అక్కా?" అంది. ఆమె చేతిలో నా కోసం తెచ్చిన లడ్డూల పొట్లం ఉంది. తగ్గిందన్నాను. ఆమె మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. నేను చేసిన పనికి ఆమె మీద కోపం రావడంలో న్యాయం లేదని తెలుసు. తెలిసినా వచ్చింది.

అప్పుడన్నా అడిగి ఉండాల్సింది. అడగలేదు. పోయిన ఫైళ్ళు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉంటాయని చదివి, ఫోను ఇంటర్నెట్ తగిలించి, ఆ లినక్స్‌లోనే ఒకదాని తర్వాత ఒకటి దించుకుంటూ మూడు రోజులు గడిపాను. ఒక్కటీ ఏమీ తేలేదు.

నాలుగో రోజు పొద్దున, చెంచాలు చెక్కే పెద్దాయన ఒకాయన వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన గుర్తింపు కార్డు నీళ్ళలో తడిసి పాడైపోయింది. సాయంత్రంలోగా ఆఫీసులో కాపీ ఇవ్వాలట.

"నీ దగ్గర ఉంటాది గదమ్మా, తీసియ్యి" అన్నాడు.

"రేపు ఇస్తాను తాతా."

"రేపంటే ఎట్టమ్మా? ఈ పొద్దే కడా రోజు."

అప్పుడే హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని తోడికోడలు బయటికి వచ్చింది. నన్ను చూసింది, పెద్దాయన్ని చూసింది.

"ఏందక్కా, తెరుచుకోలేదా?"

"ఏమో. దానంతటదే ఏదో అయింది."

ఆమె లోపలికి వచ్చి లాప్‌టాప్ ఆన్ చేసింది. నేరుగా లినక్స్ వచ్చింది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. నా వైపు తిరగకుండానే నెమ్మదిగా అడిగింది.

"అక్కా, దీన్ని ఎప్పుడు ఎక్కించినావు?"

"శనివారం."

"డి చెరిపినావా?"

"ఊ."

"తర్వాత దీంట్లో ఏమన్నా దించినావా?"

చెప్పాను. ఆమె మెల్లగా మూత దించి, పవర్ ఆపేసింది. "ఇంక దీన్ని ముట్టుకోవద్దక్కా. కొత్తవి రాసేకొద్దీ కింద పాతవి చెరిగిపోతాయి" అంది. తర్వాత బయటికి పోయి పెద్దాయనతో, "తాతా, అక్క కంప్యూటర్‌లో డిస్కు పాతదైపోయింది, దానికే ఏదో అయ్యింది. ఆఫీసులో నేను మాట్లాడి రెండు దినాలు అడుగుతా" అంది. మా అత్త అక్కడే బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "డిస్కా? పాపం, పెద్దమ్మి మూడు దినాల నుంచి దాంతోనే అల్లాడతా ఉండాది" అంది.

నా తప్పును ఆమె తన మాటతో కప్పేసింది. కృతజ్ఞత కలగాలి. నాకు కలిగింది కుళ్ళే. మంచితనంలో కూడా ఈమె నాకంటే ముందే ఉండాలా అనిపించింది.

తన ఇంకో హార్డ్‌డిస్కు తగిలించి, తన పెన్‌డ్రైవ్‌తో నా లాప్‌టాప్ తెరిచి ఏదో నడిపించింది. అది పగలంతా నడిచింది. మధ్యమధ్య తన పని వదిలి వచ్చి చూసుకునేది. మరుసటి రోజుకు నాలుగు వేలకు పైగా ఫోటోలు బయటికి వచ్చాయి. కానీ ఒక్కదానికీ పేరు లేదు. అన్నీ అంకెలే. ఇంటికొకటిగా నేను కట్టుకున్న ఫోల్డర్లు ఏవీ లేవు.

"వీటిని నేను కనుక్కోలేనక్కా. నాకు ఎవురూ తెలీదు" అంది.

ఐదు సాయంత్రాలు ఇద్దరం వరండాలో పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె ఒక్కో ఫోటో తెరిచేది. నేను ఎవరిదో చెప్పేదాన్ని. ఆమె పేరు రాసేది. సగం చిరిగిన రేషన్ కార్డు మడత చూసి ఫలానా వాళ్ళదని చెప్పాను. ఆధార్‌లో ముఖం నల్లగా మసిబారినా, వెనక కనపడే తలుపు రంగు చూసి చెప్పాను. ఒకచోట వేలిముద్రలు మాత్రమే ఉన్న కాగితం వస్తే, అంచున అంటిన పసుపు చూసి, అది మూడో ఇంటి అవ్వదని, ఆమె ఎప్పుడూ పసుపు చేతులతోనే వస్తుందని చెప్పాను. తోడికోడలు నా వైపు తిరిగి, "ఎట్ట గుర్తుంటాయక్కా నీకు ఇవన్నీ?" అంది. ఆ మాట చాలా రోజులు లోపల దాచుకుని తడుముకున్నాను. చెంచాల పెద్దాయన కార్డు రెండో సాయంత్రమే దొరికింది. గడువులోగానే ఇచ్చాడు. వీధిలో మాత్రం, టీచరమ్మ కంప్యూటర్ పాడైతే చిన్న కోడలు బాగుచేసిందని చెప్పుకున్నారు. అది అబద్ధం కాదు. అందుకే ఇంకా మండింది.

మూడో సాయంత్రం అడిగేశాను. "ఆ రోజు డిస్కు పాతదని ఎందుకు చెప్పినావు?"

ఆమె తెర మీది నుంచి కళ్ళు తిప్పలేదు. "అత్త ముందర నువ్వు మాట పడితే నాకేమొస్తాదక్కా" అంది. ఫోటోకి పేరు రాసి, "కాలేజీలో నేను మా సీనియర్ ప్రాజెక్టంతా చెరిపేసినాను, ఇట్టనే. ఆమె నాతో ఇంతవరకూ మాట్లాడలా" అని, తర్వాతి ఫోటో తెరిచింది.

ఫోటోలు చాలావరకు వచ్చాయి. వీడియోలు రాలేదు. "పెద్దవి గదక్కా, ముక్కలు ముక్కలుగా ఉంటాయి. నువ్వు దించుకున్నవి వాటి మీద కూర్చున్నాయి" అంది. ఆ వీడియోల్లో, ‘మన వీధి’లోనే ఒక మూల దాచుకున్న మా నాయనది ఒకటి ఉండేది. ఆత్మకూరు ఇంట్లో, పోయేముందు ఏడాది, మంచం మీద కూర్చుని ఎద్దుల బేరం గురించి రెండు నిమిషాలు మాట్లాడతాడు. మధ్యలో దగ్గు వస్తే, ‘ఆపు ఆపు’ అని చెయ్యి అడ్డం పెడతాడు. ఆ వీడియో సంగతి ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అప్పుడు కూడా చెప్పలేదు. శనివారం సాయంత్రమే నేను ఆమె తలుపు తట్టి ఉంటే అది వచ్చేదేమో. ఆ ఆలోచన వచ్చినప్పుడు మాత్రం నా ఏడుపు ఆమె మీద కాదు, నా మీదే.

తర్వాతి ఆదివారం బస్సెక్కి ఆత్మకూరు పోయాను. తమ్ముడు పాత ఫోను వెతికి తీశాడు. వాడు ఎప్పుడో స్టేటస్‌లో పెట్టుకున్న ముక్క ఒకటి దొరికింది. పద్దెనిమిది సెకన్లు. నాయన ముఖం మసకగా ఉంది, గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. ‘వాడు చెప్పిన ధరకు కొంటే ఎద్దును మనమే మొయ్యాల’ అంటాడు. అమ్మ పక్కన కూర్చుని వింది. "ఇంకా చాలా చెప్పినాడు గదా ఆ పొద్దు" అంది. అవునన్నాను. మిగతాది ఎక్కడ పోయిందో చెప్పకుండానే, ఆ ముక్కను మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

తిరిగి వచ్చాక లాప్‌టాప్‌ను తోడికోడలు సరిచేసింది. ఒక ఫైల్లో ఒక వరస మార్చితే విండోస్ పేరు కూడా తెర మీదకు వచ్చింది. ఆ వరస ఏమిటో ఈసారి నేనే అడిగి పుస్తకంలో రాసుకున్నాను. వైఫై కోసం ఏం ఎక్కించాలో కూడా రాసుకున్నాను. ‘మన వీధి’ని ఇప్పుడు మూడు చోట్ల దాస్తున్నాను. స్కూల్ పనంతా లినక్స్‌లోనే చేస్తున్నాను. ఆమెలా తెర చూడకుండా ఎంటర్ కొట్టడం ఇంకా అలవాటు కాలేదు.

నాలో కుళ్ళు పోయిందని చెబితే అబద్ధమవుతుంది. మామ ఇప్పుడు కాగితాలు తెస్తే, వరండాలో ఇద్దరిలో ఎవరు కనపడితే వాళ్ళకు ఇస్తాడు. ఆయన ఏ వైపు తిరుగుతాడా అని నేను ఇప్పటికీ చూస్తాను.

పోయిన నెల మా స్కూల్లో పాత కంప్యూటర్లకు లినక్స్ పెట్టాలని అనుకున్నారు. నేను పెడతానన్నాను. కరస్పాండెంట్‌గారు సరేనని, "మీ తోడికోడలు గారిని ఒక శనివారం పిలవండి, టీచర్లందరికీ క్లాసు చెబుతారు" అన్నారు. పిలిచాను. ఆమె ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. లాబ్ గుమ్మంలో ఆగి, "అక్కా, నాకు భయంగా ఉండాది, ఇంతమంది ముందర ఎప్పుడూ మాట్లాడలా" అంది. ఆమె చేతులు నిజంగానే చల్లగా ఉన్నాయి. "ఏం కాదు. ముందు వరస వాళ్ళని చూడొద్దు, వెనక గోడ చూసి చెప్పు" అన్నాను. మొదటి ఏడాది నేను అట్లాగే నెట్టుకొచ్చాను.

ఆమెను పరిచయం చేయాల్సింది నేనే. రెండు ముక్కల్లో ముగించేశాను. ఇంకో రెండు మంచి మాటలు నోటిదాకా వచ్చాయి, బయటికి రాలేదు. మూడో బెంచీలో కూర్చుని విన్నాను. బాగా చెప్పింది. నాకంటే బాగా చెప్పింది. క్లాసు అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అందరి కంటే కాస్త ఆలస్యంగా.